గోడ లేని నీళ్ళు

పోయిన వేసవిలో మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి కృష్ణలో ఈదుతానని పట్టుబట్టింది. ఆ పిల్ల అక్కడ రోజూ పొద్దున్నే స్విమ్మింగ్ పూల్లో శిక్షణ తీసుకుంటుంది. నీలం పలకల గోడలు, అడుగున నల్లటి గీతలు, గట్టు మీద విజిల్ వేసే కోచ్. పతకాలు కూడా తెచ్చుకుంది. "నేను అవతలి ఒడ్డు తాకి వస్తాను తాతా, నువ్వు టైం చూస్తుండు" అని తన ఫోను నా చేతిలో పెట్టి మఠంపల్లి దాటాక ఉండే రేవులో దిగింది. ఎదలోతు దాకా బాగానే పోయింది. తల ముంచి పది బారలు వేసిందో లేదో వెనక్కి తిరిగి, ఒడ్డున రాయి పట్టుకుని వణుకుతూ కూర్చుంది. "కింద గీత కనపడట్లేదు. ఎటు వెళ్తున్నానో తెలియట్లేదు తాతా" అంది. నేను నవ్వాను. నవ్విన తర్వాత నా నవ్వు నాకే నచ్చలేదు. ఆ రేవులోనే ఒకప్పుడు ఇట్లాగే వణికిన ఒక పిల్లవాణ్ణి చూసి గట్టున ఉన్న జనమంతా నవ్వారు. వాడు మా పెద్దనాయన కొడుకు సైదులు. నాకంటే రెండేళ్ళు పెద్ద. పోయిన కార్తీకంలోనే కన్నుమూశాడు. ఇక ఆ సంగతి రాసినా ఆనాటివాళ్ళలో నొచ్చుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు సూర్యాపేట నుంచి కోదాడకు పోయే బాటకు కొంచెం లోపలికి ఉంటుంది. మాది ఉమ్మడి కుటుంబం. ఇంటికి పెద్ద మా పెద్దనాయన. ఆయన చేతి దెబ్బ తినని ప్రాణి మా ఇంట్లో లేదు, ఎద్దులతో సహా. పొద్దున లేవగానే ఒంటికి ఆముదం పట్టించుకుని, చుట్ట వెలిగించుకుని, పిల్లలందరినీ వరసగా నిలబెట్టి దిగుడుబావికి తోలుకుపోయేవాడు. ఆ ఆముదం, చుట్ట కలిసిన వాసన గుమ్మంలోకి రాగానే పక్కలో పడుకున్న వాళ్ళం పక్కలోనే చల్లబడిపోయేవాళ్ళం. మా బావి గుండ్రంగా, పెద్దదిగా ఉండేది. ఒక పక్క మెట్లు, మిగతా చుట్టూ రాతికట్టు. రాళ్ళ సందుల్లో పావురాలు. నీళ్ళు ఆకుపచ్చగా, నాచు వాసన వేస్తుండేవి. మిగతా ఇళ్ళ పిల్లలు వీపుకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకునేవారు. మా పెద్దనాయన బెండ్లు కట్టనిచ్చేవాడు కాదు. నడుముకు మోకు కట్టి ఎత్తి విసిరేసేవాడు. మునిగి, నీళ్ళు మింగి, ఎట్లాగో మెట్టు పట్టుకుంటే మా వేళ్ళ మీద కాలు పెట్టి నిలబడేవాడు. "ఇడిసిపెట్టు, నీళ్ళల్ల నేర్సుకో, మెట్ల మీద కాదు" అనేవాడు. నా కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ కొంచెం వంకరే. ఈత అయ్యాక ఇంటికి వచ్చి తిన్న జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి రుచి మాత్రం మళ్ళీ ఎక్కడా దొరకలేదు. బతికి బయటపడ్డ ఆకలి అది.

మా బావిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ఈదినా ప్రదక్షిణంగానే ఈదాలి. గోడ ఎడమచేతి పక్కన ఉండాలి, ఎప్పుడూ కుడివైపుకే తిరుగుతూ పోవాలి. ఎడమవైపు తిరగడం చావు దగ్గర తిరిగే తిరుగుడని, అట్లా ఈదితే గట్టు మీది మైసమ్మకు కోపం వస్తుందని మా నాయనమ్మ అనేది. తప్పిపోయి ఎడమవైపు తిరిగిన వాడికి పెద్దనాయన చేతి చెర్నకోల దెబ్బ సిద్ధంగా ఉండేది. ఇట్లా మాకు రెండు మూడేళ్ళలో ఒళ్ళు తనంతట తనే కుడివైపుకు ఒరిగే అలవాటు పడింది. ఇంకో సంగతి కూడా ఉంది. బావిలో మన ఊపిరి చప్పుడు గోడకు కొట్టుకుని మనకే వినిపిస్తుంది. కళ్ళు మూసుకుని ఈదినా గోడ ఎంత దూరంలో ఉందో చెవికి తెలిసిపోతుంది. సైదులు మా అందరిలోకీ దొడ్డ ఈతగాడు. నీళ్ళు చెదరకుండా బావి చుట్టూ ఆగకుండా తిరిగేవాడు. వాడు తిరుగుతుంటే పెద్దనాయన మీసం సవరించుకునేవాడు. కొడుకును మెచ్చుకోవడం అంటే ఆయనకు అంతే.

అవి ఊళ్ళు తగలబడుతున్న రోజులు. ఎప్పుడు ఏ గుంపు వచ్చి మీదపడుతుందోనని అందరూ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉండేవారు. మాది అప్పటికి ఇంకా నవాబు పాలన, కృష్ణ అవతలి ఒడ్డు మాకు వేరే రాజ్యం. గొడవ ముదిరితే నది దాటి పోవడమే దారి అని ఇంట్లో మగవాళ్ళు మాట్లాడుకునేవారు. అప్పుడు పెద్దనాయనకు ఒక ఆలోచన వచ్చింది. పుట్టిలో ఆడవాళ్ళకూ చిన్నపిల్లలకూ చోటు కావాలి, ఈతొచ్చిన వాళ్ళు ఈదుకుంటూ రావాలి, దానికి ముందే అలవాటు పడాలి. ఇక్కడివాళ్ళ పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి తెప్ప. అట్లాంటి పుట్టి ఒకటి మా లచ్చమ్మత్త భర్తకు ఉండేది. లచ్చమ్మత్త పెద్దనాయనకూ మా నాయనకూ చెల్లెలు. మఠంపల్లి దగ్గర ఏటి ఒడ్డు ఊరికి ఇచ్చారు. ఎండాకాలంలో ఒకనాడు సైదులునూ నన్నూ బండి ఎక్కించి పెద్దనాయన అక్కడికి తీసుకుపోయాడు.

రేవు దగ్గర అప్పటికే జనం ఉన్నారు. గుడ్డలుతికేవాళ్ళు, బర్రెలు కడిగేవాళ్ళు, ఊరికే కూర్చున్నవాళ్ళు. "సూడుండ్రి, మా పోరగాండ్ల ఈత" అని పెద్దనాయన గట్టిగానే చెప్పాడు. ముందు నేను దిగాను. నీళ్ళు బావి నీళ్ళలా నిలబడి లేవు, కాళ్ళ కింది ఇసుకను లాక్కుపోతున్నాయి. పైన గోరువెచ్చగా, మోకాళ్ళ దగ్గర చల్లగా ఉన్నాయి. నాలుగు బారలు వేశాక నా ఊపిరి నాకు వినపడలేదు. చప్పుడు ఎటో పోయింది, తిరిగి రాలేదు. నేను తిన్నగా పోతున్నాననే అనుకున్నాను కానీ కుడివైపుకు తిరుగుతున్నాను. మా ఒడ్డు నుంచి అవతలికి చూస్తే కుడివైపు అంటే ప్రవాహానికి ఎదురు. కాసేపటికి చేతులు పడిపోయాయి. మామ పుట్టి వేసుకొచ్చి నన్ను జుట్టు పట్టి లాగాడు. తర్వాత సైదులు దిగాడు. అంత ఈతగాడూ నడి నీళ్ళలోకి పోయాక ఎడమచెయ్యి చాచి గోడ కోసం వెతుక్కున్నాడు. గోడ లేదు. ఇంకోసారి చాచాడు. అంతే, "నాయినా!" అని కేకపెట్టాడు. మామ వాణ్ణి కూడా లాక్కొచ్చి గట్టున వేశాడు. పెద్దనాయన మొదట నవ్వాడు. ఆయన నవ్వాడని జనమంతా నవ్వారు.

నవ్వుతోనే పోయి ఉంటే బాగుండేది. "లచ్చీ, నీ పాత సీర ఒకటి తీస్కరా" అన్నాడు చెల్లెలితో. అత్త కదల్లేదు. "తెస్తవా, నన్నే రమ్మంటవా?" అన్నాడు. అన్న మాట కాదనే అలవాటు మా ఇంటి ఆడవాళ్ళకు లేదు. అత్త చీర తెచ్చింది. పెద్దనాయన ఆ చీరను తన చేతులతోనే కొడుకు నడుముకు చుట్టి, కొంగు తల మీద వేసి, రేవు నుంచి అత్త ఇంటి దాకా ఊరి నడుమ బజారు వెంట నడిపించాడు. సైదులుకు అప్పుడు మీసం మొలుస్తున్న వయసు. దారి పొడుగునా జనం పనులాపి చూశారు. ఒక ముసలమ్మ మాత్రం "ఏం మనిషివయ్యా నువ్వు" అంది, తలుపు వేసుకుంది. గుమ్మంలో పెద్దనాయన చెప్పులు తొడుక్కుంటూ, "కృష్ణ దాటి అవతల కాలు పెట్టినంక కబురు జెయ్యి. అప్పటిదాంక వీని మొకం నాకు సూపియ్యకు" అని అత్తకు చెప్పి బండెక్కి పోయాడు. నాకు ఆయన మీద ఆ రోజు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. చచ్చినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు, నాకు ఉంది.

అత్త ఇంట్లో మేము వేసవంతా ఉన్నాం. ఆమె చీకటితోనే లేచి వాకిలి ఊడ్చి, జొన్న గట్క పొయ్యి మీద వేసి, అంట్లు బుట్టలో పెట్టుకుని రేవుకు పోయేది. ఇల్లంతా ఎండుచేపల వాసన, తడిసిన తోలు వాసన. అంట్లు తోమడం అయ్యాక చీర గోచి బిగించి నీళ్ళలోకి దిగి మమ్మల్ని పిలిచేది. ఆమె కూడా మా బావిలో నేర్చుకున్న మనిషే. కొత్త కోడలిగా వచ్చిన ఏడు నదిలో కుడివైపుకు తిరిగి తిరిగి చావుదాకా పోయి వచ్చిందట. "మీరు బాయి ఈత మర్సిపోవాలె. గాడ నీళ్ళు మీ మాట ఇంటయి. గీడ నీళ్ళ మాట మీరినాలె" అంది. సైదులు, "ఎదురీదకుంటె ఎట్ల దాటుడత్తా?" అని అడిగాడు. "అత్తగారింట్ల మెలిగినట్టు మెలుగు బిడ్డా. ఎదురు చెప్పకు, అది ఈడ్సిన దిక్కు ఈడ్సనియ్యి. కాని నీ సూపు మాత్రం నువ్వు పోయే కాడ్నే పెట్టు. కిందికైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు ఒడ్డు తగుల్తది" అంది. చెప్పి నవ్వింది. ఆ నవ్వులో ఆమె కాపురం అంతా కనిపించేది.

అయితే ఆమె కూడా ఆ అన్నకు చెల్లెలే. మెత్తటి మనిషి కాదు. పుట్టిలో ఒడినిండా గులకరాళ్ళు వేసుకుని మా వెంట వచ్చేది. ఒళ్ళు కుడివైపుకు తిరిగిందా, కుడి భుజం మీద రాయి పడేది. "మళ్ల బాయి సుట్టు తిరుగుతున్నవ్" అని ఇంకో రాయి. రాత్రి కమిలిన చోట తనే పసుపూ నూనే రాసేది, పొద్దున మళ్ళీ అక్కడే కొట్టేది. అవతలి ఒడ్డున మనం చేరాలనుకున్న చోటుకు బాగా ఎగువన దిగడం, ఎడమవైపుకు ఒరిగి నీళ్ళతో పాటు ఏటవాలుగా జారుతూ దాటడం, సుడి కనిపిస్తే దానితో పెనుగులాడకుండా అంచున పక్కకు తప్పుకోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాం. కొట్టుకుపోయే వస్తువును పట్టాలంటే దాని వెంట పడకూడదు, అది వచ్చే చోటుకు ముందే పోయి నిలబడాలి. దీనికి ఆమె పుట్టిలోంచి ఎండు సొరకాయ బుర్ర విసిరేది. నేను ఎప్పుడూ దాని వెనకబడి ఈదేవాణ్ణి. సైదులు మాత్రం కాసేపు తల ఎత్తి చూసి, వేరే దిక్కుకు పోతున్నట్టు పోయి, బుర్ర తన చేతిలోకి వచ్చే చోట తేలేవాడు. నేను చివరిదాకా సగం ఈతగాణ్ణే. సైదులు ఒకరోజు అవతలికి పోయి గట్టెక్కి, రెండు చేతులు పైకెత్తి కేక వేశాడు. చీర కట్టించిన రోజు తర్వాత వాడి గొంతు అంత పెద్దగా వినడం అదే.

అత్త కబురు చేసింది. పెద్దనాయన వచ్చి రేవులో రాయి మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. సైదులు దిగి, ఏటవాలుగా జారి, అవతల చేరి, కాస్త ఎగువకు నడిచి, అట్లాగే తిరిగి వచ్చాడు. తండ్రి ముందు నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. ఒక్క మాట కోసం నిలబడ్డాడని నాకే తెలుస్తోంది, కన్నతండ్రికి తెలియకుండా ఉంటుందా! పెద్దనాయన చుట్ట నుసి రాల్చాడు. "ఎవరు నేర్పిన్రు?" అన్నాడు. "నేనే అన్నా" అంది అత్త. "అనుకున్న. నీళ్ళు ఎటు తోల్తె అటు కొట్కపోయిండు. ఆడదాని తాన నేర్సుకున్న ఈత గిట్లనే ఉంటది. మొగోడైతే ఎదురీదాలె" అని లేచాడు. బండిలో నాకు తన పక్కన చోటిచ్చి, "లచ్చీ, నువ్వు ఎన్క నడిసిరా" అన్నాడు కొడుకుతో. ఆ రోజు నుంచి సైదులుకు ఇంట్లో ఆ పేరే నిలిచింది. జీతగాళ్ళు కూడా చాటున లచ్చి అనేవారు. ఏం చేసినా, ఎంత చేసినా ఆ మనిషి కళ్ళలో తనకు విలువ రాదని సైదులుకు ఆ రోజే అర్థమై ఉంటుంది. వాడు బండి వెనక అంత దూరమూ నడిచాడు, ఒక్కసారి కూడా నీళ్ళు అడగలేదు.

వానలు మొదలైన కొద్ది రోజులకే పక్క ఊరి మీద గుంపు పడింది. పొగ మా ఇంటి మీదికే వచ్చింది. చేతికందినవి బండ్లలో వేసుకుని అందరం అత్త ఊరు చేరాం. మా నాయన గొడ్లతో వెనక ఉండిపోయి, తర్వాత వచ్చి కలిశాడు. నదిలో కొత్తనీరు వచ్చి ఎర్రగా ఉంది. మామ మొదటి దఫా మా అమ్మనూ నాయనమ్మనూ నన్నూ నా చెల్లెళ్ళనూ దాటించాడు. రెండో దఫా పుట్టిలో పెద్దమ్మ, సైదులు, వాడి చంటి చెల్లెలు, చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని అత్త కూర్చున్నారు. ఇంకొకరికి చోటు ఉంది. గాలి ఇటు వీస్తుండటంతో మాటలు మాకు అవతలికి కూడా వినిపించాయి. "ఎక్కు బావా, కొత్తనీరు, పొగరుగుంది" అన్నాడు మామ. "పుట్టిల ఆడోళ్ళు కూసుంటరు, లచ్చి కూసుంటది. నేను ఈదొస్త" అని పెద్దనాయన పంచె బిగించి, తొడ చరిచి దూకాడు.

ఆయన కూడా నదిలో ఎప్పుడూ ఈదలేదని నాకు అప్పటిదాకా తట్టలేదు. మేమెవరమూ ఆయన్ని బావిలో తప్ప చూడలేదు. కాసేపు గట్టిగానే వచ్చాడు. తర్వాత ఒళ్ళు కుడివైపుకు తిరగడం మొదలైంది. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను, నడి కృష్ణలో మా పెద్దనాయన బావి చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన తిన్నగా వస్తున్నాననే అనుకుంటున్నాడు. ఎదురు ప్రవాహంలో బారలు వేస్తూ, వేసిన చోటే ఉంటూ, అలిసిపోతూ, ఇంకా గట్టిగా వేస్తున్నాడు. పుట్టి అప్పటికి ఆయనకు దిగువకు వచ్చేసింది. దాన్ని ఎగువకు తిప్పడం మామ తెడ్డుకు అయ్యే పని కాదు. "కిందికి! అన్నా, కిందికి రా, ఇడిసిపెట్టు!" అని అత్త అరిచింది. ఆయన విన్నాడో లేదో, ఇంకా ఎదురే ఈదాడు. తల ఒకసారి మునిగి లేచింది. చెయ్యెత్తి "సైదులూ!" అన్నాడు. ఆ వేసవి తర్వాత కొడుకును ఆ పేరుతో పిలవడం అదే మొదలు. పెద్దమ్మ "పోరా బిడ్డా, నాయినను పట్టుకోరా" అని నీళ్ళలోకి ఒరిగిపోతుంటే అత్త ఒక చేత్తో చంటిదాన్నీ ఒక చేత్తో ఆమెనూ పట్టుకుని ఉంది. సైదులు పుట్టి అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. తండ్రి వైపు చూశాడు. నేను వాడు దూకుతాడనే అనుకున్నాను. వాడు మళ్ళీ కూర్చున్నాడు.

పెద్దనాయన శవం చాలా దిగువన, చేపలవాళ్ళ రేవులో దొరికింది. తలకొరివి సైదులే పెట్టాడు. అవతలి గట్టున మేమున్న పాకల్లో పరామర్శకు వచ్చిన వాళ్ళంతా ఒకటే మాట, "పోరడు బుగులుపడ్డడు, పాపం. తండ్రి ఎప్పుడో చెప్పిండు గద, పిరికోడని." పెద్దమ్మ కూడా, "నా కొడుకు భయస్తుడు, వాణ్ణేమనకుండ్రి" అని ఏడ్చేది. తండ్రి అంటించిన పేరే కొడుక్కు గొడుగైంది. అత్త మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి ఏటి వైపు పోయేది. గొడవలు సద్దుమణిగి ఊరికి వచ్చాక సైదులు బావిలో గానీ నదిలో గానీ కాలు పెట్టలేదు. పొలం పంచుకున్నాక మిర్యాలగూడ పోయి రైసుమిల్లులో పనికి కుదిరి, తర్వాత తనే చిన్న మిల్లు పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. ఏ పిల్ల మీదా చెయ్యెత్తలేదు, ఏ పిల్లకూ ఈత నేర్పించలేదు.

ఇప్పుడు కింద ఆనకట్ట కట్టాక ఆ రేవులో నీళ్ళకు ఉరుకు తగ్గింది. మా మనవరాలికి దాని కోచ్ ఫోనులో ఎంతో ఓపికగా చెప్పాడు, భయపడ్డందుకు సిగ్గుపడాల్సిన పని లేదని, నడుముకు గాలి నింపిన తేలుడు సంచి కట్టుకుని మెల్లగా అలవాటు చేసుకోవాలని. మరుసటి వారం అది నవ్వుతూ ఈదింది. ఆ రోజుల్లో కొట్టి నేర్పారు కాబట్టే మనుషులయ్యామని నా ఈడువాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో కొట్టి నేర్పినందుకు ఏమయిందో నేను చూశాను.

సైదులు పోవడానికి కొన్ని నెలల ముందు చూడటానికి మిర్యాలగూడ వెళ్ళాను. మంచం మీద ఉన్నాడు. పక్కనే మిల్లు ఆడుతోంది, ఊక దుమ్ము కిటికీలోంచి వచ్చి దుప్పటి మీద పడుతోంది. కోడలు చాయ్ ఇచ్చి పోయింది. ఎన్నడూ అడగనిది ఆ రోజు అడగాలనిపించింది. వాడు పోయేలోపు ఒక ఓదార్పు మాట చెప్పాలనే నా ఉద్దేశం.

"అన్నా, గా దినం నువ్వు బుగులుపడ్డవని అందరు అంటరు. పడితె పడ్డవు, చిన్నపిలగాడివి. ఇంక మనసుల పెట్టుకోకు" అన్నాను.

 సైదులు చాయ్ కప్పు మంచం కోడు మీద పెట్టాడు.

"బుగులైతే లేసి నిలబడకనే పోదును తమ్మీ. నిలబడ్డ. నీళ్ళు సూసిన. యాడ దూకాలె, ఆయన యాడికి కొట్కొస్తడు, యాడ అందుతడు, అంత తెల్సింది. అత్త బుర్ర ఇసిరినట్టే కండ్ల ముందట ఉండె" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "తెల్సినంకనే కూసున్న."